చిల్లర నుంచి మేడ దాకా: ఇంట్లో చేసిన డెక్ బిల్డింగ్ ఆట, ప్రాజెక్టు డైరీ

మే 24

వేసవి సెలవులకు అక్కావాళ్ళు విశాఖ పెదవాల్తేరులోని మా ఇంటికి వస్తే రాత్రి భోజనాల తరవాత పేక తీయడం ఏళ్ళుగా ఉన్న అలవాటు. పదమూడు ముక్కల రమ్మీ తప్ప మరో ఆట మా బావగారికి ఆనదు. ఈ ఏడాది ఆయనకూ, ఇంటర్ రెండో సంవత్సరంలోకి వెళ్తున్న మేనల్లుడికీ, మా పిన్నికీ డెక్ బిల్డింగ్ ఆట నేర్పాలని నిశ్చయించుకున్నాను. ఈ తరహా ఆటలకు ఒరవడి పెట్టినది డోనాల్డ్ ఎక్స్. వకారినో రూపొందించిన డొమీనియన్. అది 2008లో వచ్చి, మరుసటి ఏడాది జర్మనీలో 'స్పీల్ డెస్ యారెస్' (ఆ ఏటి మేటి ఆట) బహుమతి గెలుచుకుంది. దాన్ని స్నేహితుల ఇంట్లో చాలాసార్లు ఆడాను గానీ, కార్డుల మీది ఇంగ్లీషు చదువుకుంటూ ఆడే ఓపిక పిన్నికి లేదు. అందుకే లెక్కలన్నీ డొమీనియన్‌వే ఉంచి, పేర్లు మాత్రం మన హార్బరువి పెట్టి, తెలుగులో ఒక సెట్టు ఇంట్లోనే తయారుచేస్తున్నాను. ఇది ఇంటి వాడకానికే తప్ప అమ్మకానికి కాదు.

ఆట నడిచే తీరు ముందు రాసుకుంటాను, నేర్పేటప్పుడు పనికొస్తుంది. రమ్మీలో పేక అందరిదీ ఒకటే. ఇక్కడ ఎవరి పేక వారిదే, అదీ ఆట సాగుతుండగా తామే కొనుక్కుంటూ కూర్చుకునేది. ఒక్కొక్కరు పది కార్డులతో మొదలుపెడతారు: ఏడు 'చిల్లర', మూడు 'సెంటు స్థలం'. ప్రతి వంతులో ఐదు కార్డులు చేతిలో ఉంటాయి. వాటితో ఒక యాక్షన్ (ఏదో ఒక పని చేసిపెట్టే కార్డు) ఆడవచ్చు, బల్ల మీది దొంతరల నుంచి ఒక కార్డు కొనవచ్చు, ఆ తరవాత ఆడినవీ ఆడనివీ కొన్నదీ అన్నీ వాడేసిన కుప్పలో పడేసి కొత్తగా ఐదు తీసుకోవాలి. తీయడానికి ముక్కలు లేనప్పుడు ఆ కుప్పనే కలిపి బోర్లించాలి. అంటే ఇప్పుడు కొన్న కార్డు వెంటనే చేతికి రాదు, ఒక చుట్టు తిరిగి వస్తుంది.

డబ్బు కార్డులు మూడు. చిల్లర ఊరికే వస్తుంది, విలువ 1. 'నోటు' ధర 3, విలువ 2. 'నోట్ల కట్ట' ధర 6, విలువ 3. పాయింట్ల కార్డులు కూడా మూడే: సెంటు స్థలం (ధర 2, పాయింటు 1), డాబా (ధర 5, పాయింట్లు 3), మేడ (ధర 8, పాయింట్లు 6). మేడల దొంతర అయిపోయినా, ఏవైనా మూడు దొంతరలు అయిపోయినా ఆట ముగుస్తుంది. పాయింట్ల కార్డులకు భూమి, ఇల్లు అని పేర్లు పెట్టడం నాకు బాగా నచ్చిన నిర్ణయం, ఎందుకంటే స్థలం మీద పెట్టిన డబ్బు అవసరానికి చేతికి రాదన్న సంగతి విశాఖలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఈ ఆటలోనూ అంతే; స్థలం కార్డు చేతిలోకి వచ్చిన వంతులో అది ఏ పనీ చేయదు, ఒక ముక్క చోటు తినేస్తుంది.

యాక్షన్లు ప్రస్తుతానికి ఆరు రకాలు. కళాసీలు, అంటే హార్బరు కూలీలు (ధర 4), మూడు కార్డులు తెస్తారు. జెట్టీ (ధర 3) ఒక కార్డు, ఇంకో రెండు యాక్షన్లు ఆడే వీలు ఇస్తుంది. ఐసు ఫ్యాక్టరీ (ధర 5) రెండు కార్డులు, ఒక యాక్షన్. పూర్ణా మార్కెట్ (ధర 5) ఒక కార్డు, ఒక యాక్షన్, ఒక రూపాయి, అదనంగా ఒక కొనుగోలు. తుఫాను (ధర 4) మనకు రెండు రూపాయలిచ్చి, మిగతావారి చేతిలో మూడు కార్డులే మిగిలేలా చేస్తుంది. పాత ఇనుప కొట్టు (ధర 2) మన చేతిలోంచి నాలుగు కార్డుల దాకా ఆటలోంచే శాశ్వతంగా తీసేయనిస్తుంది.

మే 31

డబ్బు కార్డులు 90, పాయింట్లవి 48, యాక్షన్లు 60, మొత్తం 198. పేకముక్క సైజు 63 మిల్లీమీటర్లకు 88. ఏ4 కాగితం మీద తొమ్మిది పడతాయి కనుక సరిగ్గా 22 కాగితాలు. ద్వారకానగర్‌లో ప్రింటు తీయించి, ఇంట్లో స్టీలు స్కేలు, కట్టరుతో కోశాను. దళసరి అట్ట మీద వేయిస్తే ఖర్చు కనుక, బావగారి దగ్గరున్న నాలుగు పాత పేకలు అడిగి తీసుకుని, ఒక్కొక్క ముక్కనూ ప్లాస్టిక్ స్లీవులో పెట్టి, దాని ముందు మామూలు 80 జీఎస్‌ఎం కాగితం చీటీ దోపాను. లోపల పేకముక్క ఉండడం వల్ల కలిపేటప్పుడు బిగువుగా ఉంటుంది.

రెండు సాయంత్రాలు పట్టిన ఈ పనిలో తప్పు చివరికి గాని బయటపడలేదు. నాలుగు పేకల్లో రెండు ఎర్ర వీపువి, రెండు నీలం వీపువి. స్లీవులు పారదర్శకం. నేను దొంతరలవారీగా దోపుకుంటూ పోవడం వల్ల చిల్లరంతా ఎర్రగానూ, యాక్షన్లంతా నీలంగానూ తేలాయి; బోర్లించిన దొంతర మీద నీలం కనబడితే తరవాత వచ్చేది యాక్షనేనని దారిన పోయేవాడు కూడా చెప్పగలడు. మర్నాడు ఇంకో 22 కాగితాల మీద ఒకే రంగు గళ్ళు ప్రింటు వేయించి వెనకవైపు కూడా చీటీలు దోపవలసి వచ్చింది. ఇంట్లో కార్డులు చేసుకునేవారు వీపు కనబడని స్లీవులు కొనుక్కోవడం మేలు. నాకు మిగిలిన డబ్బు రెండో ప్రింటుకే పోయింది.

జూన్ 7

మొదటి ఆట నలుగురం ఆడాం. రెండు గంటలు దాటినా ముగియలేదు, నిద్రవేళకు ఆపేశాం. అయినా నేర్చుకున్నది చాలా ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

బావగారి చేతిలో తొలి వంతుకు మూడు చిల్లర, రెండు స్థలాలు వచ్చాయి. ఆయన ఒక నోటు కొని, మిగిలిన రెండు ముక్కలను పడేయకుండా పట్టుకున్నారు. "అన్నీ పడేస్తే ఎలా బావా, సీక్వెన్స్ కుదరొద్దూ?" అన్నారు. రమ్మీ చేయి తిరిగినవారికి ముక్క దాచుకోవడం రక్తంలో ఉంటుంది. ఇక్కడ దాచుకోవడమన్నది లేదు. పడేసినది పోదు, మన పేకలోనే ఉండి మళ్ళీ మన దగ్గరికే వస్తుంది. ఈ ఒక్క సంగతి ఆయనకు ఒంటబట్టడానికి నాలుగు వంతులు పట్టింది.

పిన్ని పద్ధతి వేరు. చేతిలో డబ్బుంటే కొనకుండా వదలడం ఆవిడకు నష్టంగా తోచి, ప్రతి రకం నుంచీ ఒక్కొక్కటి కొంది. పన్నెండో వంతుకు ఆవిడ పేక సంతలా తయారైంది. ఆరు రకాల యాక్షన్లున్నాయి, ఏది ఎప్పుడు వస్తుందో తెలియదు, ఏ రెండూ కలిసి రావు. కొత్తవారిలో నేను తరచుగా చూసే పొరపాటు ఇదే. పేకను బీరువాలా చూస్తారు, ఎంత చేరితే అంత సంపద అనుకుంటారు. కానీ ఈ బీరువా తలుపు ఐదు ముక్కల మేరకే తెరుచుకుంటుంది. పది కార్డుల పేకలో ప్రతి కార్డూ రెండు వంతులకొకసారి చేతికొస్తుంది. ముప్పై కార్డుల పేకలో అదే కార్డు ఆరు వంతులకొకసారి. ముప్పై కార్డుల పేకలోకి మంచి కార్డు ఒకటి కొన్నంత మాత్రాన ఆ వంతుల్లో ఒరిగేది తక్కువ.

రాత్రి అందరూ పడుకున్నాక సగటు లెక్క వేశాను. మొదటి పది కార్డుల్లో 7 రూపాయలు, అంటే కార్డుకు 0.7, ఐదు కార్డుల చేతికి 3.5. మేడ ధర 8 కనుక కార్డుకు 1.6 సగటు రావాలి. ఆట మొదటి సగమంతా ఈ 0.7 నుంచి 1.6 దాకా ఎక్కడమే. నోటు విలువ 2. సగటు 2 దాటనంత కాలం ఏ నోటు కొన్నా సగటు పెరుగుతుంది. అందుకని ఏం కొనాలో తోచని కొత్తవారు, చేతిలో మూడో నాలుగో ఉంటే కళ్ళు మూసుకుని నోటు కొనవచ్చు, ఆరు ఉంటే కట్ట కొనవచ్చు. అది గొప్ప ఎత్తుగడ కాదు, కానీ పిన్ని సంత కంటే చాలా నయం.

జూన్ 14

చేపల వేట నిషేధం ఇవాళ్టితో ముగుస్తోంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు ఒడ్డునున్న బోట్లు రేపటి నుంచి కదులుతాయి. మేనల్లుడు దీన్ని కూడా ఒక కార్డుగా పెట్టమంటున్నాడు. ముందు ఉన్న ఆరూ సరిగా అర్థమైతే చూద్దామన్నాను.

ఈ వారం ఒక్కడినే కూర్చుని పరీక్షలు చేశాను. మొదటి పద్ధతి: యాక్షన్లు అసలు కొనకుండా, ఎనిమిది ఉంటే మేడ, ఆరు ఉంటే కట్ట, మూడు ఉంటే నోటు. ఐదాటలు ఆడితే నాలుగో మేడ 16, 19 వంతుల మధ్య దొరికింది. రెండో పద్ధతి: అన్నీ అవే, కళాసీలు మాత్రం తొలి వంతుల్లో ఒకటి. ఈసారి నాలుగో మేడ ప్రతి ఆటలోనూ రెండు మూడు వంతులు ముందే వచ్చింది. ఐదాటలతో ఏదీ రుజువు కాదని తెలుసు, అయితే కారణం కాగితం మీద కూడా కనిపిస్తోంది. సగటు 0.9 ఉన్న పేకలో కళాసీలు తెచ్చే మూడు కార్డుల విలువ 2.7. అంటే నాలుగు రూపాయలకే ఇంచుమించు కట్టంత పని. సగటు 1.3కు చేరితే అదే కార్డు 3.9 తెస్తుంది, కట్టను మించిపోతుంది. మన పేక బాగుపడేకొద్దీ ముక్కలు తెచ్చే కార్డు విలువ పెరుగుతుంది. కట్ట విలువ మాత్రం ఎప్పుడూ మూడే.

బావగారి చిల్లర సమస్య కూడా తేల్చాను. పూర్ణా మార్కెట్ అదనపు కొనుగోలు ఇచ్చినప్పుడల్లా ఆయన "ఊరికే వస్తోంది కదా" అని ఒక చిల్లర తీసుకుంటున్నారు. తప్పని చెబుదామని లెక్క వేస్తే, మొదట్లో ఆయనదే ఒప్పు: 0.7 సగటున్న పేకలో చిల్లర చేరితే 0.727 అవుతుంది. మూడు నోట్లు చేరి సగటు 1కి వచ్చాక చిల్లర వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. అది దాటాక ప్రతి చిల్లరా వెనక్కి లాగుతుంది. అయితే చేతి నిండా చిల్లరే వచ్చినా ఐదే అవుతాయి, ఎనిమిది ఎన్నటికీ కావు. మార్కెట్ కొనగలిగే దశకు వచ్చిన పేకకు చిల్లర భారమే కనుక, "ఏమీ కొనకుండా వదలడం కూడా ఒక ఎత్తే" అని ఆయనకు చెప్పాను. రమ్మీలో ఆట మధ్యలో విరమించుకునే మిడిల్ డ్రాప్ లాంటిదా అని అడిగారు. ఆ పోలిక నాకు తట్టలేదు, కానీ బాగుంది.

జూన్ 21

వానలు మొదలయ్యాయి. సముద్రం గాలికి చీటీలు తేమ పీల్చుకుని స్లీవుల్లో వంకర తిరిగాయి. దొంతర బోర్లిస్తే మధ్యలో ఉబ్బుతోంది, కలిపితే రెండేసి అతుక్కుని వస్తున్నాయి. బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు పోగుచేసి, కార్డులను బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి మూతపెట్టాను. బాల్కనీలో ఆడడం మానేశాం.

ఈ వారం పాఠం పాత ఇనుప కొట్టు. రెండు రూపాయల కార్డు, డబ్బు తేదు, ముక్కలు తేదు, పైగా మన కార్డులనే పారేస్తుంది. అందుకని ముగ్గురూ దాన్ని ముట్టుకోలేదు. నేను కొంటే మేనల్లుడు జాలిపడ్డాడు.

మొదటి రెండు వంతుల్లో పది కార్డులూ ఒకసారి చేతికొస్తాయి కనుక, ఏడు రూపాయలు ఎలా విడిపోతాయన్నదే తొలి కొనుగోళ్ళను నిర్ణయిస్తుంది. ఆరింట ఐదుసార్లు నాలుగు-మూడుగానూ, ఆరింట ఒకసారి ఐదు-రెండుగానూ వస్తాయి. నాకు నాలుగు-మూడు వచ్చింది. ఒక నోటు, ఒక ఇనుప కొట్టు కొన్నాను. అప్పుడు నా పన్నెండు కార్డుల్లో తొమ్మిది రూపాయలు, సగటు 0.75. మూడో వంతులో కొట్టుతో పాటు మూడు స్థలాలు, ఒక చిల్లర వచ్చాయి. నాలుగూ తీసేశాను. ఆ వంతులో ఏమీ కొనలేదు. బావగారు నా వైపు అదోలా చూశారు. కానీ మిగిలిన ఎనిమిది కార్డుల్లో ఎనిమిది రూపాయలు: సగటు ఒకటి. ఆ తరవాత కొన్న కట్టతో 9 కార్డులకు 11 రూపాయలు, 1.22. అదే కట్టను తీసివేతలు లేని పన్నెండు కార్డుల పేకలో చేర్చి ఉంటే 0.92 దగ్గరే ఆగేది. పైగా చిన్న పేకలో ఆ కట్ట ఇంచుమించు రెండు వంతులకొకసారి కనబడుతుంది.

మూడు పాయింట్లు చేతులారా పారేశావేమని పిన్ని అడిగింది. మూడు స్థలాలకు పోయినవి మూడు పాయింట్లు; ఒక మేడ ముందుగా వస్తే ఆరు. అయితే కొట్టుకు ఒక హద్దుంది. డబ్బంతా పారేసి ఖాళీ చేతులతో మిగలకూడదు, పారేసే పని ఆట తొలి భాగంలోనే ముగియాలి. పదో వంతులో కొన్న కొట్టు పెళ్ళయ్యాక కొన్న పట్టుచీర వంటిది.

మేనల్లుడు దీన్ని తొందరగా అందుకున్నాడు, ఎందుకంటే వాడు కంప్యూటర్లో స్లే ద స్పైర్ అనే డెక్ బిల్డింగ్ ఆట ఆడతాడు. అందులో ఐరన్‌క్లాడ్ అనే పాత్ర పది కార్డులతో, అంటే ఐదు స్ట్రైకులు, నాలుగు డిఫెండులు, ఒక బ్యాష్‌తో మొదలవుతుంది. దుకాణంలో డబ్బిచ్చి మరీ స్ట్రైకులు తీసేయించుకుంటారు, పోరాటం గెలిచాక ఇవ్వజూపిన మూడు కార్డుల్లో ఏదీ వద్దని వెళ్ళిపోవచ్చు కూడా. "మావయ్యా, అక్కడ స్ట్రైకు తీసేయడానికి డబ్బు కడతాను, ఇక్కడ స్థలం తీసేయడానికి ఎందుకు ఏడ్చానో!" అన్నాడు.

జూన్ 28

ఇవాళ్టి సంగతంతా యాక్షన్ల గురించే, అదీ ముఖ్యంగా మేనల్లుడి జెట్టీల గురించి.

ఒక వంతుకు ఒకే యాక్షన్ ఆడగలం కనుక, మరో యాక్షన్ ఇవ్వని కార్డులు (కళాసీలు, తుఫాను, ఇనుప కొట్టు) ఒకే చేతిలో రెండు పడితే రెండోది చచ్చు ముక్క. పన్నెండు కార్డుల పేకలో అలాంటివి రెండుంటే, ఒక చుట్టులో అవి ఒకే చేతిలో పడే అవకాశం నూటికి ముప్పై. బావగారు కళాసీలు బాగున్నారని వరసగా నలుగురిని కొన్నారు. ఒక వంతులో ముగ్గురు కలిసి వచ్చారు, రెండు చిల్లర తోడు. ఒక కళాసీని ఆడితే మూడు కార్డులు వచ్చాయి, వాటిలో నాలుగోవాడు! అప్పటి నుంచి ఆయన ఆ కార్డును కూలీల సంఘం అంటున్నారు. కొత్తవారికి నా సలహా: జెట్టీలు లేని పేకలో ఇలాంటివి మొదట ఒకటి, పేక పదిహేను దాటాక రెండోది, అంతకుమించి వద్దు.

దీనికి మందు జెట్టీ అని మేనల్లుడు విన్నాడు. విని ఐదు జెట్టీలు కొన్నాడు. తొమ్మిదో వంతులో వాడి చేతికి నాలుగు జెట్టీలు, ఒక స్థలం వచ్చాయి. ఒక్కొక్కటీ బల్ల మీద చప్పుడయ్యేలా వేశాడు. ఒక్కొక్కటికీ ఒక్కొక్క కార్డు వచ్చింది. నాలుగూ అయ్యేసరికి వాడికి ఐదు యాక్షన్లు మిగిలాయి, చేతిలో నాలుగు చిల్లర, అదే స్థలం. ఆడడానికి యాక్షన్ కార్డు ఒక్కటీ లేదు. అంత హంగామా చేసి నాలుగు రూపాయలతో ఇంకో కార్డు కొన్నాడు. ఏ పేకైనా మొదటి వంతులో ఇచ్చేదీ ఇంచుమించు అంతే.

జెట్టీ తన చోటు తాను నింపుకుంటుంది తప్ప ఏమీ తేదు. జెట్టీ కట్టాక సరుకు దించే కళాసీలుండాలి. అందుకని ముందు కళాసీలు, వారు ఒకే చేతిలో పడి గుద్దుకోవడం మొదలయ్యాక జెట్టీ. ఇద్దరు కళాసీలకు ఒకటి రెండు జెట్టీలు చాలు. చేతిలో ఐదుంటే కొత్తవారు ఐసు ఫ్యాక్టరీ కొనడమే నిశ్చింత: రెండు ముక్కలు తెస్తుంది, తన యాక్షన్ తాను తిరిగి ఇస్తుంది, ఎన్ని కొన్నా గుద్దుకోవు.

తుఫాను గురించి ఒక ముక్క. మేనల్లుడు దాన్ని హుద్‌హుద్ అంటాడు. 2014 అక్టోబరు 12 నాటికి వాడు పసివాడు, ఆ కథలన్నీ మా దగ్గర విన్నవే. తుఫాను దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. స్థలాలతో నిండిన పేకవారు రెండు స్థలాలు పడేసి ఊరుకుంటారు. ఇనుప కొట్టుతో పేక నాజూకు చేసుకున్న నాకు మాత్రం ప్రతిసారీ మంచి ముక్కలే పోయాయి. ఎదుటివారి పేక సన్నగా ఉందనిపిస్తేనే తుఫాను ఎక్కువ గిట్టుబాటు.

జూలై 5

మేడలు ఎప్పుడు కొనడం మొదలుపెట్టాలి? అందరూ దీన్నే అడుగుతున్నారు, నాకూ నాలుగు మాటల్లో చెప్పడం రావడం లేదు. మొదటి ఎనిమిది రాగానే మేడ కొంటే పేకలో ఒక చచ్చు ముక్క చేరుతుంది. కొనకుండా ఇంకా పటిష్ఠం చేసుకుంటూ పోతే, మన పేక సిద్ధమయ్యేసరికి ఎదుటివారు మేడలన్నీ కొనేస్తారు. నేను రెండోదే చేసి రెండుసార్లు ఓడిపోయాను. అందమైన పేక, ఒకే మేడ. ప్రస్తుతం మేం పెట్టుకున్న కట్టుబాటు: పేకలో కనీసం ఒక కట్ట చేరాక ఎనిమిది వస్తే మేడ; నాలుగైదు మేడలే మిగిలినప్పుడు ఐదు రూపాయలుంటే డాబా; రెండే మిగిలాక రెండు రూపాయలకు స్థలం కూడా. మొదట్లో విషమైన స్థలం చివర్లో పాయింటు, ఎందుకంటే అది మళ్ళీ చేతికొచ్చేలోపు ఆట ముగుస్తుంది.

ఇద్దరే ఆడినప్పుడు చివరి రెండు మేడల దగ్గర ఆగి ఆలోచించాలి. నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాననుకుందాం. ఎనిమిది చేతిలో ఉంది కదా అని మేడ కొంటే రెండు పాయింట్ల ముందుంటాను. ఎదుటివారు ఆఖరి మేడ కొని నాలుగు పాయింట్లతో గెలుస్తారు. డాబా కొంటే ఒక్క పాయింటు వెనక ఉంటాను, కానీ ఆట ఇంకా బతికి ఉంటుంది. బావగారు నన్ను సరిగ్గా ఇలాగే ఒకసారి ఓడించారు. రమ్మీలో ఎదుటివారు ఎత్తిన ముక్కలు గుర్తుపెట్టుకునే అలవాటు ఇక్కడ ఆయనకు కలిసొచ్చింది; ఎవరు ఎన్ని మేడలు కొన్నారో కాగితం లేకుండా చెప్పగలరు.

జూలై 12

సెలవులు ఎప్పుడో అయిపోయినా, ఈ ఆదివారం అక్కావాళ్ళు మళ్ళీ వచ్చారు. నలుగురం ఆడిన ఆట గంటలో ముగిసింది.

జెట్టీలు, ఐసు ఫ్యాక్టరీల దొంతరలు ఖాళీ అయ్యాయి. మేడలు ఇంకా మూడున్నాయి. మేనల్లుడి చేతి నిండా కట్టలున్నాయని వాడి ముఖం చూస్తేనే తెలుస్తోంది. పిన్ని వంతు వచ్చింది. చేతిలో నాలుగు రూపాయలే. ఆవిడ కాసేపు దొంతరల వైపు చూసి, కళాసీల దొంతరలో మిగిలిన ఒకే ఒక కార్డు కొంది. ఇప్పుడు కళాసీలెందుకు పిన్నీ, నోటు కొనుక్కోవలసింది అని నేనే నోరు జారాను. "మూడో దొంతర అయిపోయింది కదురా, లెక్క పెట్టు," అంది. లెక్కపెడితే మేనల్లుడి కంటే ఒక్క పాయింటు ఎక్కువ. పేకకు ఏ మాత్రం పనికిరాని కార్డు కొని ఆట గెలవవచ్చని నేను నేర్పలేదు; నియమాలు చదివినప్పుడు విన్న ఒక్క వాక్యాన్ని ఆవిడ నెలన్నర గుర్తుపెట్టుకుంది.

తరవాతి సెట్టుకు మార్పులు: చీటీలు మాని 300 జీఎస్‌ఎం అట్ట మీద రెండువైపులా ప్రింటు, ధర అంకె ఎడమ పై మూలన, ముక్కలు విసనకర్రలా పట్టుకున్నా కనబడేంత పెద్దగా, జెట్టీ కార్డు మీద 'తోడుగా కళాసీలు కావాలి' అని చిన్న అక్షరాల్లో ఒక గమనిక. వేట నిషేధం కార్డు చిత్తుప్రతి మేనల్లుడు తెచ్చాడు. ఒక చుట్టు పాటు ఎవరూ యాక్షన్లు ఆడకూడదట. డబ్బు మాత్రమే కొనే పద్ధతికి అది మరీ కలిసొస్తుందేమో ఒంటరిగా ఐదాటలు ఆడి చూడాలి. 198 పోగా మిగిలిన పద్దెనిమిది పేకముక్కలు బావగారు వెనక్కి తీసుకున్నారు, జోకర్లు ఎనిమిదీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుని మరీ.